పదకొండింటి విమానం

విమానం కంపెనీవాళ్లు నా భార్య ఆఖరి ముప్పై అయిదు నిమిషాలు నాకు దక్కకుండా చేశారు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఉదయం ఎనిమిదిన్నరకు ఎగరాల్సిన విమానాన్ని రద్దు చేశారు. ఎందుకో చెప్పలేదు. నన్ను మధ్యాహ్నం రెండూ నలభై దాకా ఇనప కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ ఒంటిగంటా ఇరవైకి పోయింది. జరిగింది ఇదే.

రెండూ నలభై విమానంలో నాకు ఇరవై మూడో వరస, మధ్య సీటు ఇచ్చారు. గంటా అయిదు నిమిషాల ప్రయాణమని మైకులో చెప్పారు. కిటికీ పక్కన నా వయసున్న ఒకామె, ఇటు పక్క ఒక లావుపాటి మనిషి. అతను బెల్టు పెట్టుకోవడమే ఆలస్యం, నిద్రపోయాడు. అతని మోచెయ్యి నా డొక్కలో. లేపలేదు. లేపితే మాట్లాడాలి. ముందు సీటు సంచిలో ఒక అట్ట ఉంది, విమానం నీళ్లలో దిగితే ఏం చేయాలో బొమ్మలేసి. మొదటినుంచి చివరిదాకా చదివాను. అచ్చయిన కాగితం చేతికొస్తే చదవకుండా వదలను. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో, రేకుల కింద, నలభై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. ఊళ్లో బడి పదో తరగతితో ఆగిపోయింది, ఆ తరవాత చదివినదంతా ఆ వరండాలోనే, ఇళ్లూ పొలాలూ హద్దులూ, తూర్పున ఫలానావారి గోడ, పడమట నడిచే దారి. ఈ అట్ట మీద బొమ్మల్లో మనుషులు నవ్వుతూ జారుడుబల్ల మీదనుంచి నీళ్లలోకి దిగుతున్నారు. ఎవరికీ తొందర లేదు. ఒకరి వెనక ఒకరు. వెనకవాడు ముందువాణ్ణి ఏమీ అనడం లేదు. బొమ్మల్లోనే అంత మర్యాద. విమానం పరుగెత్తి పైకి లేచింది, అట్టను రెండు చేతులా పట్టుకున్నాను, కిటికీ ఆవిడ నావైపు చూసి, "మొదటిసారా అన్నయ్యగారూ?" అంది. ఆఁ అన్నాను. "నాకిది మూడోసారి. భయమేం లేదు. చెవులు మూసుకుపోతాయి, అంతే. గుటక వేస్తే సర్దుకుంటుంది. ఎవరింటికి వెళ్తున్నారు?" కూతురింటికి అన్నాను. ఆ మాట నా నోట పదకొండేళ్ల తరవాత వచ్చింది. "అయితే ఇంకేం, సంబరమే" అంది. నేను అట్ట మళ్లీ మొదటినుంచి చదివాను.

చెవులు మూసుకుపోయాయి. గుటక వేయలేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలిసినదే. మా ఇంట్లో సాయంత్రాలు అలాగే ఉండేవి, నేను ముందుగదిలో కాగితానికి మార్జిన్ గీతలు కొట్టుకుంటూ, ఆవిడ వంటగదిలో కూరలు తరుగుతూ, ఫోను కత్తిపీట పక్కన నేల మీద, అందులోంచి అమ్మాయి గొంతు. గట్టిగా వినిపించే మీట నొక్కిపెట్టేది. చేతులు ఖాళీ లేవు, అందుకని, అనేది. అది అబద్ధం. చేతులు ఖాళీగా ఉన్నప్పుడూ అలాగే పెట్టేది. నాకు వినిపించాలని. నేను వింటున్నట్టు ఆవిడకు తెలుసు, ఆవిడకు తెలుసని నాకు తెలుసు. "నాన్న ఏం చేస్తున్నారు?" అని అడిగేది అమ్మాయి ప్రతిసారీ. "గీతలు కొడుతున్నారు" అనేది ఆవిడ. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వు గోడ దాటి వచ్చేటప్పటికి నా గీత ఎక్కడో ఒకచోట వంకర పోయేది. కాగితం పారేసి ఇంకోటి తీసుకునేవాణ్ణి. లేచి వెళ్లి ఆ ఫోను అందుకోవడానికి ఎనిమిది అడుగులు. పదకొండేళ్లు ఆ ఎనిమిది అడుగులూ వేయలేదు. వేయాల్సింది నేను కాదు అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. అమ్మాయి పెళ్లి నిశ్చయం చేసుకున్నాక చెప్పింది. చిత్తుప్రతి చూపించకుండా నేరుగా సంతకానికి తెచ్చినట్టు. కుర్రాడు లిఫ్టులు బాగుచేస్తాడు. పని తప్పు కాదు, మనిషీ తప్పు కాడేమో, నేను చూస్తే కదా. నన్ను అడగలేదు, అది తప్పు. పెళ్లి మా ఆఫీసులోనే జరిగింది, నా బల్లకు ఇరవై అడుగుల దూరంలో, లోపలి గదిలో. నేను ఆ పూట కొట్టు అద్దె పత్రం రాస్తున్నాను. బంట్రోతు బయటికొచ్చి, "గురువుగారూ, ఒక సాక్షి తక్కువయ్యాడు, మీరు ఓ గీటు గీకితే అయిపోతుంది" అన్నాడు. ఊరందరికీ సాక్షి సంతకం పెట్టినవాణ్ణి. ముక్కూమొహం తెలియనివాళ్లకు పెట్టాను. తల ఎత్తలేదు. అప్పుడు నా బల్ల పక్కనుంచి చెప్పులు నడిచివెళ్లాయి. ఆ చెప్పులు నేనే కొన్నాను. ఆవిడ లోపలికి వెళ్లి సంతకం పెట్టి వచ్చింది.

ఆ సంతకం నేర్పింది నేనే. కాపరానికొచ్చిన మొదటి నెలలో, పాడైన దస్తావేజుల వెనకవైపున. పలక మీద వద్దు, చెరిగిపోయేదాని మీద భయం ఉండదు అన్నాను. నాలుగు అక్షరాలు. గిన్నెలు సర్దినట్టు ఒక్కోటీ ఎత్తి పెట్టేది. నాలుగోది ఎప్పుడూ కిందకి జారేది. "గీత మీద రాయవే" అంటే, "గీత మీదే రాస్తున్నానండీ, అదే దిగిపోతోంది" అనేది. నేను నవ్వలేదు. నవ్వాల్సింది. చలికాలం వంటగది కిటికీ అద్దం మీద ఆవిరి పడితే దాని మీద వేలితో సాధన చేసేది, నేను చూస్తే తుడిచేసేది. సంతకం వచ్చాక ఒకే మాట చెప్పాను: నేను పక్కన లేకుండా ఎక్కడా పెట్టకు. నేను వేలు పెట్టి చూపించిన చోటే పెట్టు. ముప్పై ఆరేళ్లు అలాగే పెట్టింది. ఒక్కసారి తప్ప. ఆ సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికి నడిచాం. ఆవిడ చూపుడువేలి మీద సిరా. ఇంటికెళ్లి కడుక్కోలేదు. మూడు రోజులు ఉంది ఆ మరక. వడ్డించేటప్పుడు కనిపించేది. నేను ఏమీ అనలేదు. అనకపోవడం నాకు చేతనైన పని. విమానంలో పనిచేసే పిల్ల నీళ్ల గ్లాసు తెచ్చి నవ్వుతూ వంగింది, సర్, ఇంకేమైనా కావాలా. ఏం కావాలని చెప్పను. వద్దన్నాను. లావుపాటి మనిషి నిద్రలోనే చెయ్యి చాచి గ్లాసు అందుకుని, తాగి, మళ్లీ నిద్రపోయాడు.

ఏటా ఒక నెల ఆవిడ అమ్మాయి ఇంటికి వెళ్లేది. ఆ నెల నేను వండుకుని తినేవాణ్ణి. ఈసారి పెట్టె సర్దుకుంటూ, "మీరూ రండి" అంది. ఎవరు పిలిచారని అన్నాను. "నేను పిలుస్తున్నాను." నీ ఇల్లా అది అన్నాను. పెట్టె మూత వేసింది, అది పడలేదు, మోకాలు ఆనించి నొక్కింది, అప్పుడు పడింది. "మీరు రారు. నాకు తెలుసు. మీకు ఒంట్లో ఎముకలు కావు, అన్నీ స్కేళ్లే" అంది. కోపంగా కాదు. ఆవిడ ఎదురుగా ఉండి నాతో అన్న ఆఖరి మాట అది. తరవాత గేటు చప్పుడు. అయిదు వారాలు దాటాయి, ఆవిడ రాలేదు. పోయిన మంగళవారం ఫోను మోగింది, ఆవిడ నంబరు, తీసి ఏంటే అన్నాను. "నాన్నా" అని వినిపించింది. పదకొండేళ్లకు గొంతు ఏమీ మారలేదు. అమ్మ స్నానాల గదిలో పడిపోయింది, తలలో రక్తం గడ్డకట్టింది, ఆస్పత్రిలో ఉంది, రెండు రోజులు చూద్దామన్నారు. సరే అన్నాను. సరే అని ఎందుకన్నానో. ఆదివారం రాత్రి మళ్లీ చేసింది. "కళ్లు తెరిచింది నాన్నా. మాట సరిగ్గా రావడం లేదు కానీ మిమ్మల్నే అడుగుతోంది. డాక్టరు ఆలస్యం చేయొద్దన్నారు. ఆయన టికెట్ కొన్నారు, మీ ఫోనుకి పంపారు. పొద్దున ఎనిమిదిన్నరకి. వస్తారా?" ఎవరు కొన్నారో అర్థమైంది. వస్తాను అన్నాను. ఆ పక్కన ఏడుపు. నేను పెట్టేశాను.

ఉదయం కౌంటరు ముందు నలభైమంది. తెర మీద మా విమానం ఎదురుగా ఎర్ర అక్షరాలు. కంప్యూటర్లు పనిచేయడం లేదని కాగితాలు పంచుతున్నారు. కౌంటరు పిల్లకు ఇరవై అయిదేళ్లు ఉంటాయి, కలానికి దారం కట్టి బల్లకు ముడేసింది. పది దాటుతుంటే నా వంతు వచ్చింది. "సార్, మీ అదృష్టం. వేరే కంపెనీ పదకొండింటి విమానంలో ఒక్క సీటు దొరికింది. కూర్చోండి సార్, అక్కడ మాట్లాడి వస్తాను" అని లేచి వెళ్లింది. ఆ మధ్యలో అమ్మాయికి ఫోను చేశాను. నా అంతట నేను చేయడం అదే మొదలు. పదకొండింటికి చోటిస్తున్నారు, వచ్చేస్తున్నాను అన్నాను. "అమ్మకి చెప్తాను నాన్నా, ఇప్పుడే చెప్తాను" అని పరుగెత్తిన చప్పుడు వినిపించింది. పిల్ల తిరిగొచ్చింది, కాగితం ముందు పెట్టింది. ఇక్కడ సంతకం పెట్టండి అంది. చదివాను. దిగువ తెలిపిన విమానానికి మారడానికి అంగీకరిస్తూ, ఈ ప్రయాణానికి సంబంధించి కంపెనీ మీద నాకున్న సమస్త హక్కులూ వదులుకుంటున్నాను. దిగువన ఏమీ తెలపలేదు. విమానం నంబరు గడి ఖాళీ. తేదీ ఖాళీ. సమయం ఖాళీ. సీటు ఖాళీ. కలం కింద పెట్టాను. ఇవి నింపండి అన్నాను. "అవి లోపల నింపుతారు సార్. మీ సంతకం చూపిస్తేనే వాళ్లు సీటు నంబరిస్తారు." సీటు నంబరు ఉంటేనే నేను సంతకం పెడతాను. "అందరూ అలాగే పెడుతున్నారు సార్." అందరి సంగతీ నాకొద్దు.

నా బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాను, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు. ఖాళీ మిగిలితే అడ్డగీత కొట్టించు. ఒక ముసలావిడ, ఇద్దరు మనవరాళ్లను వెంటేసుకుని వచ్చింది ఒకసారి, తన సంతకమే ఉన్న కాగితం పట్టుకుని, దాని పైన ఆవిడ ఎన్నడూ చూడని రాత. ఇల్లు పోయింది. "నా చేతి రాతే బాబూ, అది నిజం, పైది నాది కాదు" అంటూ వరండాలో నిలబడింది. ఏం చేయగలను. ఆ రోజునుంచి నేను ఖాళీ గడి చూస్తే ఊరుకోను. నింపమంటాను. తొందరగా ఉందంటారు, రైలుందంటారు, డాక్టరున్నాడంటారు. అయితే వెళ్లిరండి అంటాను. వెళ్లరు. రెండు నిమిషాలు గొణిగి, కూర్చుని, అన్నీ నింపుతారు. నలభై ఏళ్లలో నా ఎదుట తొందరపడినవాడల్లా చివరికి కూర్చున్నాడు. ఈ పిల్లా కూర్చుంటుందనుకున్నాను. వెనకనుంచి ఒకడు, పొడుగాటి మనిషి, భుజాన కోటు సంచి, "పెద్దాయనా, మీ ఇల్లేమీ రాయించుకోవడం లేదు, సీటిస్తున్నారు, గీకి పడేయండి" అన్నాడు. ఇంకొకామె, "జడ్జిగారు తీర్పు రాస్తున్నారు, గోల చేయకండి" అంది. నవ్వారు. వెనక్కి తిరిగి, నీ సంతకానికి విలువ లేకపోతే నువ్వు పెట్టుకో అన్నాను. "నాకేం అభ్యంతరం లేదు, ఇటివ్వండి" అన్నాడు. పిల్ల గొంతు తగ్గించి, "సార్, ఏమైనా అర్జెంటా మీకు? ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే చెప్పండి, నేనే లోపలికి వెళ్లి మాట్లాడతాను" అంది. అడిగింది. మర్యాదగా అడిగింది. ఒక్క మాట చాలు. నా భార్య పోయేలా ఉంది. అంతే. నలభైమంది చూస్తున్నారు. నా ఇంటి సంగతి మీకెందుకు, మీ కాగితం సంగతి చూడండి అన్నాను. ఆ పిల్ల మొహం ముడుచుకుపోయింది. "చివరిసారి అడుగుతున్నాను సార్, వద్దంటారా?" నింపితేనే అన్నాను. కాగితం నా ముందునుంచి జరిగి పక్కకి వెళ్లింది. పొడుగాటి మనిషి చూడను కూడా చూడలేదు, ఫోనులో మాట్లాడుతూనే పెట్టేశాడు. పది నిమిషాల్లో సీటు నంబరు తెచ్చి ఇచ్చారు. నాలుగు గడులూ నింపి ఉన్నాయి. దూరంనుంచి కూడా కనిపించాయి. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను.

"చూడండి అన్నయ్యగారూ, కింద నది" అంది కిటికీ ఆవిడ. చూశాను. ఎవరో అడ్డదిడ్డంగా కొట్టేసిన గీతలా ఉంది. పదకొండింటి విమానం పన్నెండూ అయిదుకు దిగి ఉంటుంది. అక్కడినుంచి ఆస్పత్రికి నలభై నిమిషాలు. పన్నెండూ ముప్పావు. ఒంటిగంటా ఇరవై. ఎలా కూడినా ముప్పై అయిదే వస్తోంది. ముప్పై అయిదు నిమిషాల్లో ఏం మాట్లాడేవాణ్ణి? ఏమీ మాట్లాడేవాణ్ణి కాదు. మంచం పక్కన నిలబడేవాణ్ణి. ఏంటే అనేవాణ్ణి. ఆవిడకు అది చాలు. నా ఏంటేలో ఎన్ని రకాలున్నాయో ఆవిడకు తెలుసు, ఆకలేసినప్పటిది ఒకటి, భయపడినప్పటిది ఒకటి. ఒంటిగంటన్నరకు నా ఫోను మోగినప్పుడు నేను ఇనప కుర్చీలోనే ఉన్నాను. కొత్త గొంతు. "మావయ్యగారూ, నేనండీ." ఎవరో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. "అత్తయ్యగారు... పది నిమిషాలైంది. మీ అమ్మాయి మాట్లాడే స్థితిలో లేదు, అందుకని నేను..." సరే అన్నాను. మళ్లీ సరే. "మీరు కంగారుపడకండి, మెల్లగా రండి, నేను ఎయిర్‌పోర్టుకి వస్తాను" అన్నాడు. మెల్లగా రండి. తరవాత గంటసేపు కౌంటరు పిల్లనే చూస్తూ కూర్చున్నాను. ఆమె నన్ను చూడలేదు. వేరేవాళ్లతో నవ్వుతోంది, కాగితాలు పంచుతోంది. ఆమెను నేను క్షమించను. నింపి ఇవ్వాల్సింది. అది ఆమె పని. ఒక్క నిమిషం పని.

విమానం కిందకి వంగింది. ఇళ్లు కనిపించాయి, ఒకదాని పక్కన ఒకటి, గోడకు గోడ, ఇన్నేళ్లూ ఇలాంటివాటికే హద్దులు రాశాను, పైనుంచి చూస్తే ఏ హద్దూ కనిపించలేదు. చక్రాలు నేలను కొట్టాయి. లావుపాటి మనిషి లేచి, "వచ్చేశామా?" అన్నాడు. వచ్చేశాం అన్నాను. కిటికీ ఆవిడ నా సంచి అందించి, "అమ్మాయిని అడిగానని చెప్పండి" అంది.

బయట అద్దాల తలుపు దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు. అమ్మాయికి తల్లి నుదురు వచ్చింది. జుట్టు నెరిసింది చెవుల దగ్గర, ఎప్పుడు నెరిసిందో. కాళ్లకు దండం పెట్టలేదు, మీద పడి ఏడవలేదు, నా చేతిలో సంచి తీసుకుంది. అతను రెండడుగులు వెనక, పొట్టి మనిషి, చేతుల మీద పాత గ్రీజు మరకలు, ఫోను పట్టుకుని. "పదకొండింటికి వస్తున్నారని అమ్మకి చెప్పాను" అంది అమ్మాయి. "తలుపు వైపు తిప్పి పడుకోబెట్టమని సైగ చేసింది. తిప్పాం. ఒంటిగంట దాకా తలుపే చూసింది నాన్నా. నర్సు వచ్చినా, ఆయా వచ్చినా, కళ్లు పెద్దవి చేసి చూసేది." సంచి చెయ్యి మార్చుకుంది. "సీటిస్తున్నారని మీరే అన్నారు కదా. ఏమైంది?"

నలభై ఏళ్లలో నా చేత్తో అబద్ధపు వాక్యం ఒక్కటి రాయలేదు. ఇవ్వలేదు అన్నాను.

అమ్మాయి నమ్మింది. నమ్మి, ఆ కంపెనీని తిట్టింది. తల్లికి రాని తిట్లు తిట్టింది. అప్పుడు అతను నన్ను చూశాడు. టికెట్ కొన్నది అతను. కంపెనీ కబుర్లన్నీ అతని ఫోనుకే వస్తాయని నాకు అప్పుడు తట్టింది. చేతిలో ఫోను తెర వెలుగుతూనే ఉంది. కిందకి చూశాడు, పైకి చూశాడు. "అవును" అన్నాడు ఆమెతో, "వీళ్లంతా ఇంతే. ఇస్తామంటారు, ఇవ్వరు." ఫోను జేబులో పెట్టుకుని కారు తేవడానికి వెళ్లాడు.

ఆస్పత్రి మెట్ల దగ్గర అమ్మాయి ముందు నడిచింది. అతను నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, "మావయ్యగారూ, పొద్దున పదింపావుకి వచ్చిన మెసేజ్, మీరు సీటు వద్దన్నారని..." అని ఆగి, "తీసేశాను" అన్నాడు. ఏ మెసేజ్ అన్నాను. "ఏం లేదండీ" అన్నాడు. మెట్లెక్కాం.

ఆ తరవాత అతను ఆ మాట ఎత్తలేదు. ఎత్తడు. అమ్మాయి ఎత్తితే గదిలోంచి లేచిపోతాను. కంపెనీవాళ్లు చోటివ్వలేదు. ఎవరడిగినా ఇంతే, ఇంకొకసారి అడిగితే ఇది కూడా చెప్పను.